ముప్పై ఏడో ఖాతా

హల్ నగరంలో, ఆసుపత్రి వెనక పాత లాండ్రీ గదిలో
మా ఇద్దరికీ ఒక బల్ల, ఒక హీటరు.
గ్వెన్ వార్డు సిస్టరుగా రిటైరైంది. నేను ఫార్మసిస్టుని.
నర్సులూ డాక్టర్లూ ఫోన్లలో
లోకానికి చూపించుకున్న ముఖాలకు
మార్కులు వేయడం మా పని.

ఇరవై రెండు ప్రశ్నలు.
రోగి ఆనవాలు ఉందా? యూనిఫాం ఉందా?
చేతిలో గ్లాసుందా, ఉంటే అందులో ఏముంది?
ఒకటి నుంచి ఐదు దాకా, పెన్సిల్‌తో.
మధ్యలో మూడు,
మనసు ఎటూ తేలనప్పుడు తల దాచుకునే చూరు.

పేర్లు ముందే చెరిపేశారు. కళ్ల మీద నల్ల పట్టీలు.
అయినా మనుషులు తెలిసిపోతూనే ఉంటారు.
పన్నెండో ఖాతా ఎవరి పెళ్లిలోనో డాన్సు చేస్తోంది,
నాలుగు వేస్తూ గ్వెన్ కూడా కాస్త భుజాలూపింది.
ఇరవయ్యో ఖాతా రోగుల బరువు మీద జోకు వేశాడు.
ఇద్దరం మాట్లాడుకోకుండానే ఒకటి వేశాం.
కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు.
వేలు జారితే?
ఆ సామెత ఇంకా పుట్టలేదు.

ముప్పై ఏడు దగ్గర ఆగాం.
తెల్లవారుజాము. కిటికీ. చల్లారిన టీ.
మంచం అంచున ఆకుపచ్చ ఊలు మేజోళ్లు, మడిచి.
కింద రెండే వాక్యాలు:
"ఆవిడ నాలుగింటికి వెళ్లిపోయింది. కిటికీ తెరిచాను."

పాత నర్సుల అలవాటట అది.
ఎవరైనా పోతే కిటికీ బెత్తెడు తెరుస్తారు.
దేనికని ఎవరూ అడగరు.
"ముప్పై రెండేళ్లు తెరిచాను, ఒక్కరికీ చెప్పలేదు,"
అంది గ్వెన్. గొంతులో కోపమో, అసూయో.
రెండు వేసింది. నేను ఐదు వేశాను.
తేడా ఒకటి దాటితే కూర్చుని మాట్లాడుకోవాలి. నిబంధన.

మాట్లాడాం. హీటరు రెండుసార్లు ఆరిపోయింది.
పేరు లేదు, వార్డు లేదు, జబ్బు లేదు, అన్నాను.
మేజోళ్లున్నాయిగా, అంది.
అల్లిన చెయ్యి గుర్తుపట్టదా?

అప్పుడు ఫోటోని పెద్దది చేశాను, గెలవడానికే.
తెరిచిన కిటికీ అద్దంలో
వెనక గోడ మీది తెల్లబోర్డు.
అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తున్నాయి.
కౌంటరుకి ఇవతల నిలబడి
ఎదుటివాళ్ల చేతిలో చీటీలు తలకిందులుగా చదివిన కళ్లు నావి.
చదివేశాను. ఇంటిపేరు. పుట్టిన సంవత్సరం.
గోడకు చెవులుంటాయని తెలుసు.
అద్దానికి నోరుంటుందని ఆ రోజే తెలిసింది.

గ్వెన్ అప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది.
చూడలేదు.
నేను ఊరుకుంటే మూడు దగ్గరైనా రాజీ పడేవాళ్లం.
చెప్పాను.
నా ఐదు చెరిపి ఒకటి వేశాను.
గ్వెన్ తన రెండుని చాలాసేపు చూసింది,
రబ్బరుతో తుడిచి మూడు చేసింది.
"పాపం, చిన్నపిల్లయి ఉంటుంది," అంది.
మళ్లీ తేడా రెండు. మళ్లీ కూర్చోవాలి.

రాత్రి భోజనాల దగ్గర
ఇవాళేం జరిగిందని మా ఆయన అడిగితే
నోటిదాకా వచ్చిన ఇంటిపేరుని
మజ్జిగన్నంతో పాటు మింగేశాను.

ఇప్పుడు ఇది రాస్తున్నాను.
ఊరు మార్చాను. మేజోళ్ల రంగు మార్చాను.
ఖాతా ముప్పై ఏడు కాదు. గ్వెన్ గ్వెన్ కాదు.
ఆ ఇరవై రెండు ప్రశ్నలూ నాకు నేనే వేసుకుని
పదకొండో దాని దగ్గర పెన్సిల్ కింద పెట్టాను.
కిటికీని మాత్రం దేనిగా మార్చాలో తెలియలేదు.
అది అలాగే ఉంది,
బెత్తెడు తెరిచి.